గ్రామీ వార్తలో పక్కవాద్యాలు ఏవి?

సంపాదక మహాశయా,

2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన 66వ గ్రామీ పురస్కారాల వార్తను మీరు 'భారత్‌కు గ్రామీ' అనే శీర్షికతో వేశారు. సంతోషం. గాయకుడు శంకర్ మహదేవన్ ఫొటో ఉంది, తబలా జాకిర్ హుస్సేన్ ఫొటో ఉంది. మన సంగీతాన్నీ పాశ్చాత్య సంగీతాన్నీ కలిపి వాయించిన 'శక్తి' బృందం చేసిన 'దిస్ మొమెంట్'కు ఉత్తమ గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్ పురస్కారం దక్కిందని రాశారు. గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్ పేరు కూడా ఒకచోట వచ్చింది. ఆ తర్వాత 'తదితరులు' అని ముగించారు. బృందంలో ఉన్నదే అయిదుగురు. ముగ్గురి పేర్లు చెప్పాక మిగిలింది ఇద్దరు. వయొలిన్ గణేశ్ రాజగోపాలన్, కంజీర సెల్వగణేశ్. వీళ్ల పేర్లు రాయడానికి ఒక్క పంక్తి సరిపోయేది కదా! అదే పేజీలో టేలర్ స్విఫ్ట్ వేసుకున్న గౌను రంగు గురించి నాలుగు పంక్తులున్నాయి. నాలుగోసారి 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' అందుకున్న తొలి గాయని ఆమె. రాయవద్దని నేను అనను.

నాది మృదంగం. పక్కన కూర్చుని వాయించేవాడి బాధ పక్కన కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఆహ్వాన పత్రికలో గాయకుడి పేరు ఎర్ర అక్షరాల్లో, మా పేర్లు ముద్రాపకుడి ఫోను నంబరు కన్నా చిన్న అక్షరాల్లో. తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం, మొదలవగానే సభలో సగం మంది కాఫీకి లేస్తారు. ఒక ఊళ్లో నవరాత్రి కచేరీ ముగిశాక గాయకుడికీ, ముఖ్య అతిథికీ, మైకుసెట్టు యజమానికీ శాలువాలు కప్పి, మా దగ్గరికి వచ్చేసరికి శాలువాలు అయిపోయాయన్నారు. వయొలిన్ ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. అది ఊరి ఉత్సవం, పోనీలే అనుకోవచ్చు. లక్షల మంది చదివే పత్రికలోనూ అదే పద్ధతి అయితే ఎలా?

పోనీ ఆ ఇద్దరూ ఊరూపేరూ లేనివారా? గణేశ్–కుమరేశ్ సోదరుల్లో పెద్దవారు గణేశ్. కర్ణాటక సంగీతం వినేవారికి ఆ జంట వయొలిన్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. సెల్వగణేశ్ ఘటం వాయించే విక్కు వినాయక్‌రామ్ గారి కుమారుడు. ఆ తండ్రి కూడా 'ప్లానెట్ డ్రమ్' ఆల్బమ్‌లో వాయించి 1992లో గ్రామీలో భాగం పంచుకున్నవారే. తండ్రీ కొడుకులిద్దరూ తాళవాద్యంతోనే అంత దూరం వెళ్లారంటే అది వేరే వార్త కావలసిన మాట. ఇక కంజీర ఎంత ఉంటుంది? అన్నం కంచం కన్నా చిన్నది. పనస చెక్క చట్రం, దానికి ఒకవైపు చర్మం, పక్కన చీలికలో రెండు మూడు బిళ్లలు. వాయించబోయే ముందు చర్మం లోపలివైపు నాలుగు నీటి చుక్కలు రాసి శ్రుతి దించుతారు. కచేరీ మధ్యలో అది ఆరిపోతే మళ్లీ రాసుకోవాలి. ఎడమచేత్తో పట్టుకుని, ఆ చేతి వేళ్లతోనే చర్మాన్ని నొక్కి నాదం పైకీ కిందికీ జరుపుతూ, కుడిచేత్తో వాయించాలి. మృదంగానికి రెండు వైపులున్నాయి, రెండు చేతులున్నాయి. కంజీరకు వాయించే చెయ్యి ఒక్కటే. ఆ ఒక్క చేత్తో జాకిర్ తబలాకు ఎదురు నిలిచి జవాబు చెప్పిన మనిషిని 'తదితరులు'లో కలిపేశారు.

ఇంకొక పేరు కూడా ఉంది. అది మీకు తట్టకపోవడమే నాకు ఎక్కువ బాధ. ఆ ఆల్బమ్‌లో 'శ్రీనీస్ డ్రీమ్' అని ఒక రచన ఉంది. ఆ శ్రీని మా పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. 1990ల చివర 'రిమెంబర్ శక్తి'గా బృందం మళ్లీ మొదలైన తర్వాత మెక్‌లాగ్లిన్, జాకిర్‌ల పక్కన కూర్చుని ప్రపంచమంతా వాయించాడు. క్లారినెట్ వాయించే తండ్రి ఇంట్లో మాండొలిన్ పట్టుకున్న పిల్లవాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, సరిగా రావడం లేదని జంట తీగల మాండొలిన్ పక్కనపెట్టి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు మారాడు. 2014 సెప్టెంబరులో 45 ఏళ్లకే పోయాడు. 1977 తర్వాత శక్తి స్టూడియోలో చేసిన తొలి ఆల్బమ్ ఇది. అందులో అతని పేరు పెట్టుకున్నారు, ఆ ఆల్బమ్‌కే గ్రామీ వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా పేజీలోనైనా ఆ సంగతి రాలేదు. పాలకొల్లు అనగానే మనవాళ్లకు సినిమావాళ్లే గుర్తొస్తారు మరి.

శీర్షిక గురించి ఒక మాట. గ్రామీ అమెరికా సంగీత పరిశ్రమ వాళ్ల పురస్కారం, అక్కడి రికార్డింగ్ అకాడమీ సభ్యులు ఓట్లు వేసి ఇచ్చేది. అది దేశాలకిచ్చే పతకం కాదు. శక్తిలో మెక్‌లాగ్లిన్ ఇంగ్లండు వాడు. జాకిర్‌కు అదే రోజు మూడు, వేణువు రాకేశ్ చౌరాసియాకు రెండు వచ్చాయంటే, అందులో బాంజో బేలా ఫ్లెక్, బాసు ఎడ్గర్ మేయర్ భాగం కూడా ఉంది. ఈ నలుగురూ వాయించిన 'పష్తో' అనే రచన గెలిచిన విభాగంలోనే ప్రధాని మోదీ మాటలున్న చిరుధాన్యాల పాట పోటీపడింది. దానికి నామినేషన్ వచ్చినప్పుడు మొదటి పేజీలో వేశారు, ఫలితం మాత్రం వెతికినా కనబడలేదు. సోమవారం ఉదయం టీవీ ముందు కూర్చున్న నా శిష్యులు శక్తి కనిపించలేదని నిరాశపడ్డారు. ఎలా కనిపిస్తుంది? 94 పురస్కారాల్లో చాలా వరకు అక్కడి మధ్యాహ్నం వేరే థియేటరులో ఇచ్చేశారు. అప్పటికి మనకు ఇంకా తెల్లవారలేదు. ఆ వివరం ఒక్కటి రాసి ఉంటే పిల్లలు అంత పొద్దున్నే లేచేవారు కాదు.

సవరణ వేయమని అడగడం లేదు, తప్పు రాస్తేనే కదా సవరణ. ఆదివారం అనుబంధంలో ఎవరు ఏ వాద్యం వాయించారో చెబుతూ అర పేజీ వ్యాసం వేయించండి. శ్రీనివాస్ గురించి కావాలంటే మీ విలేకరిని మా ఊరు పంపండి, ఆ తొలినాళ్ల కచేరీలు విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ ఉత్తరానికి కోత పెట్టవలసి వస్తే నా శాలువా సంగతి తీసేయండి. గణేశ్, సెల్వగణేశ్, శ్రీనివాస్ పేర్లు మాత్రం ఉంచండి.

ఇట్లు,
మృదంగం మాస్టారు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా