చెరువుల వెంట తిరిగిన ఎండాకాలం: తోడున్న వాళ్లందరికీ కృతజ్ఞతలు

నేను వరంగల్‌లో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కాకతీయుల నాటి చెరువుల కింద నీళ్ల పంపకం నిన్నమొన్నటిదాకా ఎలా సాగిందన్నది నా అంశం. ఉగాది పోయాక మొదలుపెట్టి మృగశిర దాకా ములుగు, భూపాలపల్లి, నర్సంపేట వైపు ఊళ్లు తిరిగాను. మధ్యలో హైదరాబాద్ వెళ్లి పాత దస్త్రాలు చూశాను. పని పక్కన పెట్టి అమ్మతో, హాస్టల్ స్నేహితులతో సరదాగా తిరిగిన రోజులూ ఉన్నాయి. ఇందులో ఏదీ నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది గానీ అది ఎప్పటికో అచ్చవుతుంది, అయినా నాకు సాయం చేసినవాళ్ల చేతికి చేరదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు, ఊళ్లు పెట్టొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వారికి తెలిసిపోతుంది.

అందరికంటే ముందు ఉపాధి హామీ పనిలో ఉన్న అక్కలకు, పెద్దమ్మలకు దండాలు. ఏప్రిల్ నెలాఖరు. చెరువులో నీళ్లు అడుగంటాయి, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, పూడిక తీసే పని నడుస్తోంది. నేను కట్ట మీద టేపు పట్టుకొని పొలాలకు నీళ్లు వదిలే తూముకూ, నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడికీ మధ్య దూరం కొలుచుకుంటున్నాను. తెల్లవారగానే మొదలుపెట్టినా పది దాటేసరికి ఎండ మండిపోయింది. కళ్ల ముందు కట్టంతా ఊగినట్టు అనిపించడం వరకే నాకు గుర్తుంది. తట్టలు మోస్తున్న ఒక పెద్దమ్మ నన్ను చూసి "గా పిల్ల తూలుతాంది, ఉరుకుండ్రి" అని కేకేసిందట. నలుగురు వచ్చి నన్ను కానుగ చెట్టు నీడకు చేర్చారు. ఒకామె కొంగు తడిపి నా మెడ చుట్టూ చుట్టింది. ఇంకొకామె తన సద్దితో తెచ్చుకున్న చల్లలో ఉప్పు వేసి, గబగబా తాగొద్దని మందలిస్తూ కొంచెం కొంచెంగా తాగించింది. ఊళ్లోని ఆశా అక్క ఓఆర్ఎస్ ప్యాకెట్లతో వచ్చి, తగ్గకపోతే 108కి ఫోన్ చేద్దామని కాసేపు చూసి, నేను తేరుకున్నాక వాళ్లింటికి తీసుకుపోయి సాయంత్రం దాకా పడుకోబెట్టింది. మా అమ్మకు తనే ఫోన్ కలిపి "నీ బిడ్డ మా ఇంట్లనే ఉన్నది, రంది పెట్టుకోకు వదినా" అని చెప్పింది. సంగతి వినగానే బస్టాండుకు బయల్దేరబోయిన అమ్మకు ఆ మాటతో టెన్షన్ సగం దిగిందట.

ఒక సంగతి మాత్రం నాకు ఆ తర్వాత, కూలీల గ్రూపు పని చూసే మేట్ చెబితే తెలిసింది. ఆ పనిలో ఎంత మట్టి తవ్వారన్న కొలతను బట్టి కూలి కడతారు. గుంత అనుకున్నంత దిగకపోతే గ్రూపులో అందరికీ తగ్గుతుంది. నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి, ఊళ్లోకి నడిపించిన ఆ పొద్దు వాళ్ల గుంత సగంలో ఆగిపోయింది. ఆ మాట నాతో ఒక్కరూ అనలేదు. మళ్లీ వెళ్లినప్పుడు నేనే ఆ కూలి సంగతి ఎత్తితే "దూపైతాందంటే నీళ్లిచ్చినందుకు పైసలు తీసుకుంటరా బిడ్డా" అని కోప్పడ్డారు. ఉపాధి పని అంటే చెట్టు కింద కూర్చొని కూలి తీసుకోవడమేనని తేలిగ్గా మాట్లాడేవాళ్లను చాలామందిని విన్నాను. నలభై డిగ్రీలు దాటిన ఎండలో, రాయిలా గట్టిపడిన మట్టిని గడ్డపారతో పొడిచి తట్టకెత్తి కట్ట ఎక్కడం ఎంత కష్టమో కళ్లారా చూశాను. ఆ మాట ఇక ముందు నా ఎదుట ఎవరన్నా ఊరుకోను.

ఇక నీరటి తాత. నీరటి అంటే చెరువు నీళ్లు వదిలి మళ్లకు వంతులవారీగా పారించే మనిషి. కాకతీయుల చెరువుల గురించి పుస్తకాల్లో చాలానే ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. ఆ కాలంలోనే రామప్ప, పాఖాల, గణపసముద్రం లాంటి పెద్ద చెరువులు వెలిశాయి. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక వీటి గురించి రాసేవాళ్లూ పెరిగారు. చెరువు ఎవరు కట్టించారో శాసనం చెబుతుంది. వానలు సరిగా పడని ఏడు ఎవరి మడికి ముందు పారాలో, ఎవరి మడి ఎండాలో నేను చదివిన శాసనాల్లో కనబడలేదు. అది నాకు చెప్పింది తాతే. వాళ్ల నాయన, వాళ్ల తాత కూడా ఆ చెరువుకు నీరటీలే.

కట్ట మీద దుమ్ములోనే నాకు పటం వేసి చూపించారు. పెద్ద రాయి పెట్టి పెద్ద తూమన్నారు, చిన్న రాయి పెట్టి చిన్న తూమన్నారు, చీపురుపుల్ల విరిచి మత్తడి అన్నారు. యాసంగికి, అంటే రెండో పంటకు, చెరువు నిండా లేకపోతే ఊరంతా కూర్చొని ఉన్న నీళ్లు ఎంత భూమికి సరిపోతాయో తేల్చి తైబందీ చేసుకునేవారట. తూము పక్కన భూమి ఉన్న ఆసామి అయినా తన వంతుకు వచ్చినంతే నాటేయాలి, మిగతాది పడావు, అంటే బీడు పెట్టాలి. ఆ లెక్క తప్పకుండా చూసే పని నీరటిది. అందుకు కోతలయ్యాక కల్లం దగ్గరే అతని వాటా ధాన్యం, అంటే మేర, కొలిచి ఇచ్చేవారు. "నీళ్లు ఇడిసేటోనికి సుట్టం ఉండొద్దు బిడ్డా" అన్నారు తాత. వంతు దాటిందని సొంత బావమరిది మడికే నీళ్లు ఆపేస్తే, ఆ ఇంట్లో పెళ్లికి ఆయనకు పిలుపు రాలేదట.

తర్వాత నన్ను తూము దగ్గరికి దింపారు. రెండు నిలువు రాళ్లు, వాటి నడుమ కిందికి దిగే కర్ర, దాని అడుగున నీటి రంధ్రాన్ని మూసే బిరడా, ఇదీ పాత ఏర్పాటు. ఇప్పుడు పక్కన ఇనుప షట్టర్ ఉంది. రాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఏళ్ల తరబడి కర్ర రాసుకొని రాయి మీద నున్నటి గాడి పడింది. తాత నా వేలు పట్టుకొని ఆ గాడి వెంట కిందికి జరుపుతూ, ఇక్కడిదాకా నీళ్లుంటే చివరి మళ్లకు కూడా పారుతుందని, ఇక్కడికి దిగితే వంతులు మొదలవుతాయని, ఇంకా దిగితే పశువులకు మాత్రమే ఉంచి తూము మూసేయాలని చెప్పుకొచ్చారు. నా నోట్సులో ఇంతకంటే విలువైన పేజీ ఇంకోటి లేదు.

హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలం కాగితాలు చూడటానికి వెళ్లాను. ఉప్పల్‌లో చిన్నమ్మ వాళ్లింట్లో ఉన్నాను. పొద్దున్నే లేచి టిఫిన్ బాక్సు కట్టిచ్చిన చిన్నమ్మకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. నాకు ఉర్దూ అక్షరాలు కూడబలుక్కునేంతే వచ్చు, అందులోనూ ఆ చేతిరాత గొలుసుకట్టు. పక్క బల్ల దగ్గర తన సొంత పని మీద వచ్చిన ఒక రిటైర్డు టీచర్ గారు నా అవస్థ చూసి కుర్చీ జరుపుకొని వచ్చారు. ఆ దస్త్రాల్లో వాడిన ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన లెక్క వస్తుందని, 1340 ఫసలీ అంటే 1930-31 అని ఆయనే నేర్పారు. తన పని మానుకొని రోజుల తరబడి నాకు చదివి పెట్టారు. ఒక రిజిస్టరులో తాత వాళ్ల ఊరు, నీరటి ఇనాం (ఆ పనికి ఇచ్చిన భూమి), దానికింద ఒక పేరు కనబడ్డాయి. బయటికొచ్చి తాతకు ఫోన్ చేసి చదివాను. అది వాళ్ల ముత్తాత పేరు. తాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సర్వే నంబరు గూడ రాసిండ్రా బిడ్డా?" అని అడిగారు. రాశారు తాతా, ఆ కాగితం నకలు మీకోసం పెట్టాను. సార్, మీకు శతకోటి నమస్కారాలు. మీరు లేకపోతే ఆ పేరు నా కళ్లముందే ఉండి కూడా నాకు కనబడేది కాదు.

లక్నవరం ప్రయాణం పూర్తిగా హాస్టల్ పిల్లల చలువ. కొండల మధ్య సందులకు చిన్న చిన్న కట్టలు వేసి అంత చెరువును నిలిపారంటే ఆశ్చర్యమేస్తుంది. వేలాడే వంతెన మీద ఫొటోలు దిగుదామంటే నేను కట్ట వైపు చూస్తూ నిలబడ్డానని కోప్పడి, నా చేతిలోని నోట్సు లాక్కొని సంచిలో పెట్టేశారు. నెల రోజుల తర్వాత కడుపారా నవ్వింది ఆ రోజే. మీకు థాంక్సే పిల్లలూ.

2025 మే 15న సరస్వతీ పుష్కరాలు మొదలయ్యాక అమ్మను కాళేశ్వరం తీసుకెళ్లాను. గోదావరి, ప్రాణహిత కలిసే చోట అంతర్వాహినిగా సరస్వతి ఉందని నమ్మకం, పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరం, ఈసారి పోకపోతే మళ్లీ మోకాళ్లు సహకరించవని అమ్మ పట్టు. జనం ఇసుకేస్తే రాలనంత ఉన్నారు. మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం అమ్మ నడక చూసి, వాళ్ల కొడుకులిద్దరినీ చెరో పక్క నిలబెట్టి మెట్లు దింపించారు, స్నానమయ్యాక ఎక్కించారు. గుడిలో ఒకే పానవట్టం మీది రెండు లింగాలను అమ్మ తృప్తిగా చూసింది, వరుసలో వాళ్లే ముందు నిలబెట్టారు కాబట్టి. వెళ్తూ వెళ్తూ సర్వపిండి పొట్లం అమ్మ చేతిలో పెట్టారు. ఫోన్ నంబరు తీసుకునే లోపే జనంలో కలిసిపోయారు. ఈ రాత మీ దాకా వస్తే ఒక్క కబురు పంపండి, అమ్మ రోజూ మిమ్మల్ని తలుచుకుంటోంది.

ఫెలోషిప్ లేని నాకు పల్లెవెలుగు బస్సులే దిక్కయ్యాయి. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్, అది లేకపోతే సగం ఊళ్లు చూడలేకపోయేదాన్ని. ములుగు దారిలో తిరిగే ఒక కండక్టర్ అన్న నేను దిగిన ప్రతిసారీ చివరి బస్సు ఎప్పుడో గుర్తుచేసేవాడు. ఒకరోజు నేను రోడ్డు మీదికి రావడం ఆలస్యమైతే, "ఆ మేడం ఇంకా రాలేదు" అని డ్రైవరుకు చెప్పి బస్సు ఆపించాడు. ఆ రోజు బస్సులో ఓపిగ్గా కూర్చున్న వాళ్లందరికీ కూడా నమస్కారాలు. ప్రతి వారం ఫోన్ చేసి, పని సంగతి కంటే ముందు తిన్నావా అని అడిగిన మా గైడ్ సార్‌కు పాదాభివందనం.

తీసిన ఫొటోలన్నీ హనుమకొండలో ప్రింట్ చేయించాను. గుంత దగ్గర అక్కలందరూ కలిసి దిగినది పెద్ద సైజులో తీయించాను, తలా ఒకటి. ఈసారి వానలు తొందరగా మొదలయ్యాయి, నాట్ల పని మీద పడకముందే వచ్చే ఆదివారం తీసుకొస్తాను. తాతా, మీ నకలు కూడా అప్పుడే తెస్తాను, ఇంటి దగ్గరే ఉండండి.