పోర్చుగల్ రైతు రాజు గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం పిల్లల పేజీలో కొన్ని వారాలుగా దేశదేశాల రాజుల కథలు వేస్తున్నారు. మా మనవరాలు వాటిని కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంటోంది. మొన్న ఆ పుస్తకం తిరగేశాను. ఇప్పటికి తొమ్మిది మంది రాజులయ్యారు. తొమ్మిది మందీ గుర్రమెక్కి కత్తి దూసినవాళ్లే. నేను 31 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఏ యుద్ధం ఎప్పుడు జరిగింది, ఎవరు గెలిచారు అని పిల్లల చేత నేనూ వల్లె వేయించాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. అందుకే అడుగుతున్నాను, ఒక్క వారం పోర్చుగల్ రాజు దినిస్‌కి ఇవ్వండి.

ఈయన 1261లో పుట్టాడు. 17 ఏళ్లకే, 1279లో, గద్దెనెక్కి 1325 జనవరిలో చనిపోయేదాకా దాదాపు 46 ఏళ్లు ఏలాడు. మన పిల్లలకు కాలం తెలియాలంటే ఇలా చెప్పొచ్చు: ఆయన రాజయ్యేనాటికి ఓరుగల్లులో మన రుద్రమదేవి పాలిస్తోంది. ఆయన పోవడానికి రెండేళ్ల ముందు, 1323లో, ప్రతాపరుద్రుడి రాజ్యం కూలిపోయింది. ఆ దేశం వాళ్లు ఈయనకు పెట్టుకున్న పేరు ‘ఓ లవ్రదోర్’. అంటే రైతు. ఏడు వందల ఏళ్లయినా ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

నాకు ఈయన సంగతి పుస్తకాల్లో కాదు, ఇసుకలో తెలిసింది. మా అబ్బాయి లిస్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి చలికాలం నేనూ మా వారూ రెండు నెలలు అక్కడ ఉండి వచ్చాం. ఒక ఆదివారం లైరియా అనే ఊరి దగ్గర సముద్రం ఒడ్డున అడవి చూపిస్తానని కారులో తీసుకెళ్లాడు. కారు దిగి నాలుగడుగులు వేశానో లేదో చెప్పుల్లోకి ఇసుక వచ్చేసింది. అడవి ఏంటి, ఇసుక ఏంటి అనుకున్నాను. చుట్టూ పైన్ చెట్లు. కొన్ని నిలువునా మాడిపోయి నల్లటి స్తంభాల్లా ఉన్నాయి, వాటి మధ్య మనిషెత్తు పిల్ల మొక్కలు ఒత్తుగా లేచాయి. గాలికి హోరుమని ఒకటే చప్పుడు. కళ్లు మూసుకుంటే మా ఊళ్లో సరుగుడు తోపులో నిలబడ్డట్టే ఉంది. మా వారు గుప్పెడు ఇసుక తీసి చూసి, "మనదాని కంటే తెల్లగా ఉందే" అన్నారు.

ఆ అడవి ఎందుకు పెట్టారో అబ్బాయి అప్పుడు చెప్పాడు. అట్లాంటిక్ గాలికి ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బలు కదిలి వచ్చి పొలాల మీద మేట వేసేవట. దాన్ని ఆపడానికి పైన్ చెట్లు వేశారు. మొదలుపెట్టింది తండ్రి మూడో అఫోన్సో, పెంచి పెద్దది చేసింది దినిస్. ఇప్పుడది సుమారు 11 వేల హెక్టార్లు, మన లెక్కలో 27 వేల ఎకరాలు. ఆయన పోయిన వందేళ్లకు పోర్చుగల్ వాళ్లు సముద్రాల మీదికి బయల్దేరినప్పుడు ఓడలకు ఈ అడవి కలపే అక్కరకొచ్చింది. 2017 అక్టోబరు 15న నిప్పంటుకుని అడవిలో 80 శాతానికి పైగా కాలిపోయింది. ఆ నల్లటి మానులు అవే. రాజు అడవి పోయిందని దేశమంతా కుమిలిపోయిందని మా అబ్బాయి స్నేహితురాలు చెబుతూ కళ్లు తుడుచుకుంది. 13వ శతాబ్దం రాజు వేసిన చెట్ల కోసం ఈనాటి పిల్ల ఏడవడం నేను కళ్లారా చూశాను.

ఎడిటర్ గారూ, మాది సఖినేటిపల్లి మండలం, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు మా ఊరి జనం అందరికీ ఎరుకే. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి మా కొబ్బరి తోటలో సగం చెట్లు పోయాయి. తెల్లారి వెళ్లి చూస్తే ఒక వరస మాత్రం వంగి, ఆకులు చిరిగి, అలాగే నిలబడి ఉంది. దానికి ఎదురుగా సముద్రం వైపు సరుగుడు తోపు ఉంది. మిగతా వైపు ఏమీ లేదు. మా మామగారు ఆ పూట తోపు దాకా నడిచి వెళ్లి, ఒక మానుకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ఆయన ఏడుస్తున్నారో లేదో దూరం నుంచి నాకు తెలియలేదు. ఆ తోపును రెండేళ్ల కిందట కొట్టేశారు. ఎవరు కొట్టించారో ఊరందరికీ తెలుసు, నేను ఇక్కడ పేర్లు రాయను. ఇప్పుడు ఎండాకాలం సాయంత్రాలు గాలి తిరిగితే వంటింట్లో గిన్నెల మీద సన్నటి ఇసుక. మొవ్వాకులు అంచుల వెంట ఎర్రబడుతున్నాయి. కాపు తగ్గింది, దింపు కూలి కూడా గిట్టడం లేదు.

అందుకే ఆ రాజు నాకు పరాయివాడిగా అనిపించలేదు.

ఆయన చేసిన ఇంకో పని మీ పత్రిక వాళ్లకు మరీ నచ్చాలి. అప్పటిదాకా రాజు గారి కచేరీ కాగితాలు ఎక్కువగా లాటిన్‌లో ఉండేవి. అది చదువుకున్న పాదిరీలకు తప్ప మామూలు జనానికి రాదు. దినిస్ కాలంలో కచేరీ రాత జనం మాట్లాడే పోర్చుగీసులోకి మారింది. ఇది చదివినప్పుడు నాకు మళ్లీ మామగారే గుర్తొచ్చారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయనకు భూమి సంగతి ఏదో కాగితం ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని రెండు రోజులు ఎవరికీ చూపించలేదు. పొలం పోతుందేమోనని టెన్షన్. అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు నా ముందు పెట్టి, "చూడమ్మా, ఏం రాశారో" అన్నారు. చదివితే అది శిస్తు అందినట్టు రసీదు. అంతే!

తన భాష మీద ప్రేమ ఉన్నవాడు కాబట్టే పాటలూ కట్టాడు. 137 మనకు మిగిలాయి. ఒక దాంట్లో ఓ అమ్మాయి పచ్చటి పైన్ పూలను తన చెలికాడి జాడ చెప్పమని అడుగుతుంది. మన జానపదాల్లో పిల్ల చెట్టునూ పిట్టనూ అడిగినట్టే. 1990లో లిస్బన్‌లో ఒక పాత రిజిస్టరుకు అట్టగా వాడేసిన తోలు కాగితం మీద ఆయన పాటలు ఏడు, స్వరాలతో సహా బయటపడ్డాయి. 1290లో ఆయన పెట్టిన విశ్వవిద్యాలయాన్ని 1308లో కొయింబ్రా ఊరికి మార్చాడు. అది ఇప్పటికీ నడుస్తోంది.

సంతలకు అనుమతి పత్రాలిచ్చి ఊరూరా వ్యాపారం పెంచాడు. బురద నేలల్లో నీళ్లు తోడించి సాగులోకి తెచ్చాడు. 1293లో వర్తకులు ఓడకింత చొప్పున చందా వేసుకుని ఉమ్మడి నిధి పెట్టుకుంటే దానికి రాజముద్ర వేశాడు. గణపతిదేవుడు మోటుపల్లిలో ఓడ వర్తకులకు అభయ శాసనం ఇచ్చింది అంతకు యాభై ఏళ్ల ముందే. ఈ రెండూ పక్కపక్కన వేస్తే మన పిల్లలు ఎంత సంబరపడతారో.

యుద్ధమే చేయలేదని చెప్పను. పక్కనే, ఇప్పటి స్పెయిన్‌లో ఉన్న కస్తీల్ రాజ్యం మీదికి సైన్యం తీసుకెళ్లాడు. కానీ 1297లో అల్కనీసెస్ అనే చోట కూర్చుని హద్దులు రాసుకున్నారు. ఆ సరిహద్దు చాలావరకు ఈనాటికీ అలాగే ఉంది. మా దగ్గర అన్నదమ్ముల మధ్య మూరెడు గట్టు తగాదా మూడు తరాలు కోర్టుల్లో నలుగుతుంది. రెండు రాజ్యాల గట్టు తగాదా అలా తెగడం చిన్న విషయం కాదు.

తప్పులూ దాచకుండా రాయండి. ఇతర స్త్రీలకు పుట్టిన కొడుకుల్లో అఫోన్సో సాంచెస్‌ను నెత్తిన పెట్టుకున్నాడు. దాంతో పట్టపు కొడుకు తిరగబడ్డాడు. ఆయన చివరి ఏళ్లు ఇంటి యుద్ధంలోనే గడిచాయి. రాణి ఇసబెల్ తండ్రీకొడుకుల సైన్యాల మధ్యకు కంచర గాడిద మీద వెళ్లి ఆపిందని అక్కడ చెప్పుకుంటారు. ఆ తల్లిని తర్వాత పునీతురాలిగా ప్రకటించారు. రైతు రాజు ఇంట్లో కూడా ఆస్తి తగాదా తప్పలేదని పిల్లలకు చెబితే తప్పేం లేదు, వాళ్లు రోజూ ఇళ్లల్లో చూస్తున్నదే.

ఆ అడవిలో నేను ఒక పైన్ కాయ ఏరుకుని తెచ్చాను. ఎండ రోజుల్లో రెక్కలు విచ్చుకుని చెక్క పువ్వులా ఉంటుంది. ముసురు పట్టిందంటే గట్టిగా ముడుచుకుంటుంది. మా మనవరాలు పొద్దున్నే దాన్ని చూసి గొడుగు తీసుకెళ్లాలో వద్దో చెబుతుంది. దినిస్ కథ మీరు వేస్తే ఆ కాయ బొమ్మ గీసి తన నోటుబుక్కులో పక్కన పెట్టుకుంటానంది.

ఈ ఉత్తరం అటవీ శాఖ వారి కంట పడితే వారికీ ఒక మనవి. ఈ వానల్లో మాకు సరుగుడు మొక్కలు ఇప్పించండి. గోతులు తీయడానికి, మొదటి రెండు ఎండాకాలాలు బిందెలతో నీళ్లు పోయడానికి మా వీధి వాళ్లం పదిహేను మందిమి మాట ఇచ్చుకున్నాం. చోటు కూడా చూసి పెట్టుకున్నాం. కొట్టేసిన తోపు మొద్దులు ఇంకా ఇసుకలో తేలి ఉన్నాయి, వాటి పక్కనే.

ఇట్లు,
రిటైర్డ్ సోషల్ టీచరు,
సఖినేటిపల్లి మండలం, కోనసీమ