పర్లాకిమిడి మాస్టారికి నా కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మొదటిసారి డ్రైవింగ్ స్కూలు కారులో, రెండో క్లచ్, రెండో బ్రేకు ఉన్న ఎడమ సీటులో, శిక్షకురాలిగా కూర్చున్నాను. ఎనిమిదేళ్లు బడి వ్యాను నడిపిన నాకు ఆ పక్క నుంచి రోడ్డు కొత్తగా కనిపించింది. ఒళ్లంతా అలసిపోయినా రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఆయనా అత్తగారూ ఏడాదిగా ఇల్లు చూసుకున్నారు. ఈ నాలుగు మాటలు మాత్రం మాస్టారి కోసం.

శిక్షకులకు పదో తరగతి, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం, మోటారు మెకానిక్ కోర్సు ధ్రువపత్రం ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. అవన్నీ నాకున్నాయి. ఇంగ్లీషు గానీ ప్రాంతీయ భాష గానీ తగినంత తెలిసి ఉండాలని కూడా అందులో ఉంది. మా పర్లాకిమిడి ఒడిశాలో ఉంది కాబట్టి రవాణా ఆఫీసులో మాత్రం ఒడియా చదవడం రావలసిందేనన్నారు. నాకు మాట్లాడటం వచ్చు, అక్షరాలు రావు. మూడుసార్లు కాగితాలు తిప్పి పంపారు, ప్రతిసారీ ఒక్క లోపమే చెప్పి. అన్నీ ఒకేసారి చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే నాకు మూడు రోజుల పని పోయేది కాదు.

ఆ మూడోరోజు గేటు పక్కన ఏడుస్తూ కూర్చుంటే, ఐటీఐలో పనిచేసి రిటైరైన ఒక ఒడియా పెద్దాయన వచ్చి, "ఏమైంది, మా?" అని అడిగారు. వాళ్లు ఆడపిల్లలను అలాగే పిలుస్తారు. ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం తన అరుగు మీద కూర్చోబెట్టి, పాత క్లచ్ ప్లేటు, బ్రేకు షూ చేతికిచ్చి, వాటి పని ఒడియాలో చెప్పించి, ఆ పేర్లు రాయించేవారు. ఒకరోజు అట్టముక్కల కట్ట ఇచ్చారు. ఒకవైపు ఒడియాలో భాగం పేరు, వెనక తెలుగులో, వంకర అక్షరాలతో, అక్కడక్కడ వత్తులు తప్పి. నేను ఇంటి దగ్గర చదువుకోవాలని ఆయన ఆ వయసులో కొట్ల బోర్డులు చూసి తెలుగు రాయడం నేర్చుకున్నారట. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్న ఊరు మాది. అయినా నా కోసం ఒకరు అక్షరాలు దిద్దుతారని నేను ఏనాడూ అనుకోలేదు. ఆ అట్టలు పట్టుకుని అరుగు మీదే ఏడ్చేశాను. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మాస్టారూ, మీకు పాదాభివందనం.

రాయడం మరిచాను: అరువు మీద ప్రతులు తీసిచ్చిన జిరాక్సు కొట్టు తమ్ముడికి, ఎడమ సీటులో కూర్చోవడం అలవాటు చేసిన వ్యాను డ్రైవరన్నలకు కూడా కృతజ్ఞతలు. నన్ను నమ్మి తొలి పాఠానికి వచ్చిన అంగన్‌వాడీ టీచరు గారికి మరీ మరీ. ఆవిడకు కనీసం 21 రోజులు, 10 గంటల డ్రైవింగ్ నేర్పాలి. రేపు ఉదయం ఆరింటికి రెండో పాఠం.