జులైలో మళ్ళీ మంటలు చూపిస్తారు, కంగారు పడకండి

బెల్‌ఫాస్ట్, ఉత్తర ఐర్లండ్
22 జూన్ 2025

అమ్మా, నాన్నా,

నేను క్షేమం. రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను కదా, మళ్ళీ ఉత్తరం ఎందుకంటారా? ఫోన్‌లో నా మాట సగం కాకముందే అమ్మ ఏడుపు మొదలుపెడుతుంది. నాన్నా, నువ్వు బయటికి చదివి వినిపించు, మధ్యలో ఆపనివ్వకు.

డ్యూటీ మామూలే. ఈ వారం మూడు నైట్లు.

చిన్నమామయ్య టీవీలో చూసి చెప్పిన అల్లర్ల మంటలు బాలీమెనా అనే ఊరివి. మాకు 45 కిలోమీటర్లు. అవే నాలుగు షాట్లు తిప్పి తిప్పి వేస్తే ఎవరికైనా దేశమంతా తగలబడుతున్నట్టే ఉంటుంది. 2011 మార్చిలో ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూల్చిన రోజు గుర్తుందా? అమ్మ వణుక్కుంటూ మలక్‌పేట పిన్నికి ఫోన్ చేస్తే, "ఉండక్కా, గారెలు మాడిపోతున్నాయి" అని పెట్టేసింది. ఇప్పుడు నేను పిన్ని స్థానంలో ఉన్నాను.

అలాగని ఏమీ జరగలేదని అనను. బయటి నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళు కాల్చారు. ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళని లార్న్ అనే ఊళ్ళో ఒక సెంటర్‌లో పెట్టారు. ఆ సంగతి ఫేస్‌బుక్‌లో తిరిగింది. ఆ రాత్రే దానికీ నిప్పు పెట్టారు. మా వార్డులో ఫిలిప్పీన్స్ అమ్మాయి ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. తలుపు మీద బ్రిటన్ జెండా బొమ్మ, పక్కన "ఇక్కడ ఫిలిప్పీన్స్ వాళ్ళు ఉంటారు" అని రాసిన కాగితం. మేం మీరనుకునేవాళ్ళం కాదు, మమ్మల్ని వదిలెయ్యండి అని. తలుపు కూడా పేపర్ అయిపోయింది ఇక్కడ.

మా ఇంటి ఓనరమ్మ కూడా ఒక చిన్న జెండా తెచ్చి, "కిటికీలో పెట్టుకో, ఎందుకైనా మంచిది" అంది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, మంచిది. ఏమనలేక తీసుకున్నాను. పప్పు డబ్బాల వెనక పడేశాను. ఈ వీధిలో నన్ను కాపాడే జెండా, నేను బస్సు దిగే ఫాల్స్ రోడ్డులో కిటికీకి కట్టుకుంటే గొడవే. మా వీధివాళ్ళు బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్ళు. అక్కడివాళ్ళు ఐర్లండ్‌లో కలవాలనేవాళ్ళు, వాళ్ళది ఐర్లండ్ మూడు రంగుల జెండా. ఇక్కడ కొన్ని వీధుల్లో రోడ్డు అంచు రాళ్ళకి కూడా ఎరుపు, తెలుపు, నీలం వేస్తారు. రంగు చూసి ఎవరి పేటో చెప్పేయొచ్చు.

నాన్నా, డెర్రీ అంటే ఏ ఊరు, లండన్‌డెర్రీ అంటే ఏ ఊరు అని అడిగావు. రెండూ ఒకటే. ఐర్లండ్ వైపువాళ్ళ పేపర్ 'ఐరిష్ న్యూస్' తీస్తే డెర్రీ. బ్రిటన్ వైపువాళ్ళది, 1737 నుంచి వస్తున్న 'న్యూస్ లెటర్' తీస్తే లండన్‌డెర్రీ. బీబీసీ వాళ్ళు మొదటిసారి లండన్‌డెర్రీ అని, తర్వాత డెర్రీ అంటారు. జెర్రీ ఆండర్సన్ అని ఒక రేడియో ఆయన, రెండు పేర్ల మధ్య పెట్టే గీత (ఇంగ్లీషులో స్ట్రోక్) మీద "స్ట్రోక్ సిటీ" అని పేరు పెట్టాడు. నేనైతే పేషెంట్ ఏ పేరు చెప్తే ఆ పేరే అంటాను. ఇంట్లో వేయించుకునే పేపర్ ఒకటి, టీ కొట్టు దగ్గర ఇంకొకటి చదివి నిజం మధ్యలో ఎక్కడో ఉంటుందనేవాడివి కదా. ఇక్కడ ఊరి పేరు దగ్గరే ఆగిపోతావు.

ఓనరమ్మ చెప్పింది, 1988 నుంచి 1994 దాకా, ఐర్లండ్‌లో కలవాలనే షిన్ ఫేన్ పార్టీ వాళ్ళ గొంతు టీవీలో వినిపించకూడదని లండన్ ప్రభుత్వం ఆపిందట. మనిషిని చూపించొచ్చు, మాట వినిపించకూడదు. దాంతో ఆ పార్టీ నాయకుడు జెర్రీ ఆడమ్స్ పెదాలు కదుపుతుంటే వెనక ఎవరో నటుడు చెప్పేవాడు. అమ్మా, అచ్చం మన డబ్బింగ్ సీరియలే!

గోడ సంగతి. ఐర్లండ్ వైపువాళ్ళ ఫాల్స్ పేటకీ బ్రిటన్ వైపువాళ్ళ షాంకిల్ పేటకీ మధ్య 1969లో ముళ్ళకంచెగా మొదలై గోడయింది. 2023 కల్లా ఇలాంటి గోడలన్నీ తీసేస్తామని 2013లో ప్రభుత్వమే చెప్పింది. తీయలేదు. రాత్రయితే గేట్లు మూస్తారు. పగలు టూరిస్టులు టాక్సీ దిగి మార్కర్లతో దానిమీద శాంతి, ప్రేమ అని రాసి ఫొటోలు దిగుతారు. అటుపక్క ఇళ్ళవాళ్ళు పెరట్లో బట్టలు ఆరేసుకుంటూ ఉంటారు. పెరటి మీద ఇనప వల కూడా కట్టుకున్నారు, రాళ్ళు పడకుండా.

అసలు సంగతి ఇది. వచ్చే నెల 11 రాత్రి ఇక్కడ పెద్ద పెద్ద మంటలు వేస్తారు. మన భోగి అనుకో, కాకపోతే చెక్క పలకలు మేడంత ఎత్తు పేరుస్తారు. బ్రిటన్ వైపువాళ్ళు తమ గెలుపుగా చెప్పుకునే 1690 యుద్ధం తాలూకు పండగ, మర్నాడు ఊరేగింపు. పైన అవతలివాళ్ళ జెండా కూడా పెట్టి కాలుస్తారు, అది మాత్రం భోగి కాదు. టీవీవాళ్ళు ఆ మంటలు వేసి కింద ఏం రాస్తారో నాకు తెలియదు. మామయ్య ఫోన్ చేస్తే ఈ ఉత్తరం చూపించండి.

నాన్నా, బీపీ మాత్ర రాత్రి మానేస్తున్నావని తమ్ముడు చెప్పాడు. గోంగూర ఇంకా సగం సీసా ఉంది, పంపొద్దు. ఉద్యోగం మానేసి వచ్చెయ్యమని మాత్రం మళ్ళీ అనకండి. అమ్మా, నువ్విచ్చిన మామిడాకుల తోరణం, ఆ ప్లాస్టిక్‌ది, గుమ్మానికే ఉంది.

మీ
చిన్ని

నాన్నా, ఈ ముక్క బయటికి చదవకు. తోరణం గొడవలు జరిగిన ఆ వారం నాలుగు రాత్రులు తీసి లోపల పెట్టాను. నిన్న మళ్ళీ కట్టాను.