తాగేవాడికి పర్మిట్ రూము ఉంది, మానినవాడికి గది ఏదీ?

సంపాదకుల గారికి,

అయ్యా,

డీ-అడిక్షన్ కేంద్రాల్లో పడకలు పెంచాలని మీ పత్రికలో తరచూ వార్తలు, లేఖలు చూస్తున్నాను. పెంచాల్సిందే. నేను అలాంటి పడక మీద నుంచి లేచొచ్చినవాణ్ణే. రోజూ పీకలదాకా తాగే మనిషి ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే రెండో రోజో మూడో రోజో ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. నాకు మూడో రాత్రి గోడ నిండా చీమలు కనిపించాయి. నర్సమ్మ దుప్పటి దులిపి ‘చూడండి, ఏం లేవు’ అంటుంటే ఆమె చేతి మీద కూడా పాకుతున్నాయి. పది రోజులకి చీమలు పోయాయి, వణుకు తగ్గింది, అన్నం సహించింది. పదకొండో రోజున ఇంటికి పంపించారు. వారం తిరక్కుండా పనిలోకి వెళ్లాను. ఆ సాయంత్రం ఏడింటికి మా షెడ్డు షట్టరు దింపాక ఎటు పోవాలో తెలియక రోడ్డు మీద నిలబడిపోయాను. నా మనవి ఆ ఏడింటి వేళ కూర్చోవడానికి ఒక గది గురించి.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్ని. శనివారం ఏడింటికి వారం కూలి చేతిలో పడుతుంది. ఒంటి నిండా ఇనప రజను, ఎండిన గొంతు, జేబులో డబ్బు. ఇంటికి పోయే దారిలో మూడు వైన్స్. ఇరవై ఏళ్లు నా కాళ్లు వాటంతటవే అటు తిరిగాయి. మందు మానితే పోయేది మందు ఒక్కటే కాదండీ. ఆ గంటన్నర ఎక్కడ కూర్చోవాలి, ఎవరితో మాట్లాడాలి అన్నది కూడా పోతుంది. నాకున్న స్నేహితులంతా సీసా చుట్టూ పోగైనవాళ్లే. తిన్నగా ఇంటికి పోతే భార్యాపిల్లలు ముందు నా మొహం చూడరు, గాలి పీలుస్తారు. వాసన కోసం. వాళ్లను తప్పు పట్టలేను, మూడేళ్లు పట్టింది ఆ అలవాటు పోవడానికి.

నన్ను నిలబెట్టింది ఏఏ మీటింగు, అంటే మందు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే కూడిక. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, ఒకాయన సర్జన్ కూడాను, ఒకరి గోడు ఒకరు వింటే ఆ పూటకి తాగకుండా ఉండగలుగుతున్నామని కనిపెట్టారు. ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, అలా మొదలైంది. ఫీజు లేదు, కులమతాల ప్రసక్తి లేదు. చివర్లో ఒక డబ్బా తిరుగుతుంది, ఉన్నవాడు పదో ఇరవయ్యో వేస్తాడు, గది అద్దె, టీ దాంట్లోంచే. బయటివాళ్ల విరాళాలు తీసుకోరు. పత్రికల్లో పేరు బయటపెట్టుకోకూడదన్నది మా పద్ధతి, అందుకే కింద నా పేరు ఉండదు. బయటి విషయాల మీద ఏఏ అభిప్రాయం చెప్పదు కాబట్టి ఈ లేఖ నా ఒక్కడిదే.

మొన్న ఆయుధపూజ నాడు షెడ్డులో వెల్డింగ్ సెట్లకి పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాక, ఓనరు గారు అందరికీ తలా ఒక స్వీటు పొట్లం, ఐదొందలు, ఒక క్వార్టర్ ఇచ్చారు. నేను మానానని ఆయనకి తెలుసు. అయినా ఒకడికి తక్కువ చేయకూడదని నా వంతూ బల్ల మీద పెట్టారు. ‘పండగ పూట కాదనకు బావా, ఒక్కటేస్తే ఏమవుద్ది’ అని మా ఫిట్టరు మూత తిప్పి చేతిలో పెట్టాడు. ఏడేళ్ల తర్వాత కూడా ఆ వాసనకి నోట్లో నీళ్లూరాయి. అబద్ధం చెప్పను. అప్పుడు టైము ఆరున్నర. ఏడింటికి మీటింగుందని సీసా బల్ల మీద పెట్టి బండి తీశాను.

ఆ వేళకి గది ఉంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు లేదు.

ఆరేళ్లలో మాకిది నాలుగోసారి. మొదట ఒక బడిలో కూర్చునేవాళ్లం, పెద్దమాస్టారు మారగానే కుదరదన్నారు. తర్వాత ఒక కల్యాణమండపం స్టోర్ రూము, శ్రావణమాసం ముహూర్తాలు రాగానే ఖాళీ చేయమన్నారు. ఆ తర్వాత ఒక మేడ మీద గది. నెలకి పదిహేను వందలు, ఒక్క నెల బాకీ పెట్టలేదు. తాగుబోతులు ఎక్కి దిగుతుంటే తమ అమ్మాయికి సంబంధాలు రావన్నారు ఇంటాయన. ‘మేం తాగనివాళ్లమండీ’ అన్నాను. ‘ఒకప్పుడు తాగారుగా’ అన్నారు. ఆ మాటకి జవాబు లేదు నా దగ్గర. ఆఖరికి ఒక సంఘం ఆఫీసులో చోటిచ్చారు, దసరా వెళ్లిన నెలకి దాన్నీ గోడౌను చేశారు. నాటి నుంచి బందరు కాలువ గట్టు మీద, సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని కూర్చుంటున్నాం. వాన పడితే మీటింగు లేదు.

ఎవరైనా వచ్చి కూర్చోగల మా ఓపెన్ మీటింగులకి గంజాయి మానిన కుర్రాళ్లు కూడా వస్తారు. అలాంటి అబ్బాయి ఒకడు, ఇరవై నాలుగేళ్లుంటాయి, డీ-అడిక్షన్ కేంద్రం నుంచి వచ్చిన నాలుగో రోజున మా పాత గది వెతుక్కుంటూ వెళ్లాడు. తాళం కప్ప చూసి నాకు ఫోన్ చేశాడు. పొగల్లో, గ్రైండరు మోతలో వినపడలేదు. గంట తర్వాత నేను తిరిగి చేస్తే ఎత్తలేదు. ఇంతవరకూ ఎత్తలేదు.

2019లో కేంద్ర సామాజిక న్యాయశాఖ, ఎయిమ్స్ కలిసి విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్సో సాయమో అందింది. ఆ ఒక్కడు పడక దిగి ఇంటికొచ్చాక ఏమవుతున్నాడన్నది కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలి కదా. ఆసుపత్రి వాళ్లు మత్తు మానాలనుకునేవాళ్ల హెల్ప్‌లైన్ 14446 నంబరు రాసిచ్చారు, మంచిదే, నేనూ పదిమందికి చెప్పాను. కానీ శనివారం సాయంత్రం మనిషికి ఎదురుగా ఇంకో మనిషి కావాలి.

మద్యనిషేధం పెట్టమని రాయడం లేదు. 1995లో పెట్టారు, 1997లో ఎత్తేశారు, నేను తాగడం నేర్చుకుంది సరిగ్గా ఆ మధ్యలోనే. 2024 అక్టోబరులో చౌక రకం క్వార్టర్ 99 రూపాయలకే ఇవ్వడం మొదలుపెట్టారు, షాపు పక్కనే కూర్చుని తాగడానికి పర్మిట్ రూములకి మళ్లీ దారి చేశారు. ప్రభుత్వానికి రాబడి కావాలి, అర్థం చేసుకోగలను. తాగేవాడికి గది అవసరమని తోచిన సర్కారుకి మానినవాడి అవసరం మాత్రం ఎందుకు తోచలేదో అర్థం కావడం లేదు.

వార్డు సచివాలయాలు సాయంత్రానికి మూతపడతాయి. మునిసిపల్ బడులూ అంతే. ఫ్యాన్లు, బెంచీలు, మంచినీళ్లు, ఆడవాళ్లొస్తే వాడుకోను బాత్రూము అన్నీ అక్కడే ఉన్నాయి. మా గుంపులో ఇద్దరు ఆడవాళ్లున్నారు, కాలువ గట్టుకి మారాక రావడం మానేశారు. వారానికి మూడు రోజులు, ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక్క గది ఇప్పించమని నగరపాలక సంస్థ కమిషనరు గారికి మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. ఊరికే వద్దు, అద్దె, కరెంటు ఖర్చు కట్టుకుంటాం. బోర్డు పెట్టం. తాళంచెవి నా పేరున రాసుకోండి, ఊడ్చి తాళం వేసే పూచీ నాది. ఉత్తర్వులకి టైము పట్టేట్టయితే ఈలోగా వరండా ఇచ్చినా చాలు, వాన తడపకపోతే అదే పదివేలు.

ఇట్లు,
ఒక వెల్డరు,
ఆటోనగర్, విజయవాడ
(పేరు, ఫోను నంబరు మీకు విడిగా పంపాను. ప్రచురించవద్దని మనవి.)