తోటలకు జానెడు లోతు మట్టి పరీక్ష చాలదు

సంపాదకుడు గారికి,

వేసవి వచ్చిందంటే ఊళ్లల్లో మట్టి నమూనాల హడావుడి మొదలవుతుంది. మట్టి పరీక్ష ఫలితాన్ని కార్డు మీద రాసి రైతుకిచ్చే సాయిల్ హెల్త్ కార్డుల పథకం 2015లో వచ్చింది. అది మంచిదే, కాదనను. కానీ దాని నిబంధన ప్రకారం నీటి వసతి ఉన్న భూమిలో రెండున్నర హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక్క నమూనా తీస్తారు. అదీ 15–20 సెంటీమీటర్ల లోతు నుంచే. వరికి, వేరుశనగకు ఆ లోతు సరిపోవచ్చు. బత్తాయి, నిమ్మ, మామిడి పెట్టే రైతుకు ఆ కార్డు సగం సంగతి కూడా చెప్పదు.

మా నల్గొండ వైపు కొన్ని చెలకల్లో పైన ఎర్రమట్టి చూస్తే ముచ్చటేస్తుంది. రెండు మూడు అడుగులు దిగితే ఒకచోట మొరం, ఇంకోచోట తెల్లటి సున్నపు పొర. వేరు ఆ పొరలోకి దిగాక లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి తక్కినదంతా పసుపు పడుతుంది. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము, జింకు చెట్టుకు అందవు మరి. అప్పుడు రైతు మందుల షాపు చుట్టూ తిరుగుతాడు. ఏళ్ల తరబడి పెంచిన తోట, తీసేయలేడు, ఉంచుకోలేడు.

పండ్ల తోటకైతే ఆరడుగుల దాకా అడుగుకో నమూనా విడిగా తీయాలని, చౌడు నేలలో మూడడుగుల దాకా తీయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. మా ఊళ్లో మాత్రం తోట వేయబోయే చేనులోనూ పైపైన గీకి సంచిలో వేసుకుపోయారు.

ఈ పనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. టీ (T) ఆకారం పిడి ఉన్న ఆగర్, అంటే మట్టిని తొలిచే బరమా లాంటి పనిముట్టు, ఒకటి చాలు. తిప్పుతూ దించి, అడుగుకోసారి పైకి తీసి, దానికి అంటుకున్న మట్టిలో బయటి పొర గీకేసి లోపలిదే తీసుకోవాలి. లేదంటే పైమట్టి కలిసి లెక్క తప్పుతుంది. రాళ్ల నేలలో ఆగర్ దిగదు, గుంట తవ్వాల్సిందే. అప్పుడు గుంట గోడను కత్తితో చెక్కి, కింది అడుగు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. జింకు పూత ఉన్న రేకు బకెట్ వాడకూడదు, ప్లాస్టిక్‌దే వాడాలి. సున్నం సంగతి చేలోనే తేలిపోతుంది: నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు వేస్తే సున్నం ఉన్న మట్టి బుసబుస పొంగుతుంది.

అందుకే వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులను కోరుతున్నా. ప్రతి రైతు వేదికలో ఒక ఆగర్ ఉంచండి. తోట వేస్తామన్న రైతు చేనులో అతని ఎదుటే అడుగడుక్కూ నమూనా తీసి, లోతు రాసిన చీటీ సంచిలో పెట్టండి. ఆ ఫలితం రైతు చేతికి వచ్చాకే మొక్కలు ఇవ్వండి.

— ఒక బత్తాయి రైతు, నల్గొండ జిల్లా