గోడ మీది సొరగింజకు మందు కాదు, బూజుకర్ర

సంపాదకులకు,

సొరగింజలా గోడకు అతుక్కుని, కాసేపటికి చోటు మార్చే బూడిదరంగు సంచి కనబడితే చాలు, ‘మందు కొట్టండి’ అనేస్తున్నారు. ఆ మందు దండగ.

ఆ సంచి ఫెరియోకా యూటెరెల్లా అనే చిన్న చిమ్మట పిల్లపురుగు ఇల్లు. ఉన్ని బట్టలు కొట్టే చిమ్మటలదీ దీనిదీ ఒకటే కుటుంబం, టినియిడే. గుడ్డు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడ చిమ్మట దాదాపు 200 గుడ్లు పెట్టి నేలా గోడా కలిసే మూలల్లో, చెత్తకు అంటిస్తుంది. అవి పగలడానికి 10 రోజులు దాటుతుంది. బయటపడ్డ పురుగు ముందుగా ఇల్లు కట్టుకుంటుంది. నోటి నుంచి పట్టుదారం తీస్తూ, ఇసుక రేణువులు అతికిస్తూ నేల మీద చిన్న కమాను లేపుతుంది. దాన్నే చుట్టూ కలుపుకొచ్చి గొట్టం చేస్తుంది. లోపల పట్టు, పైన ఇసుక. రెండు కొసలా నోళ్లుంటాయి, నడుము వెడల్పు. అందుకే లోపలే వెనక్కి తిరిగి ఎటునుంచైనా తల బయటపెట్టగలదు. తలా ఆరు కాళ్లూ తప్ప ఒళ్లు బయటికి రానివ్వదు. ఎదిగేసరికి సంచి పొడవు 8–14 మి.మీ., వెడల్పు 3–5 మి.మీ. అవుతుంది.

పురుగు దశ సుమారు 50 రోజులు. తర్వాత గోడెక్కి సంచిని పట్టుతో బిగించి ప్యూపాగా (చిమ్మటగా మారేముందు కదలకుండా ఉండే దశ) మారుతుంది. అది సగటున 15 రోజులు. సంచి అంచున పలుచని పొట్టు సగం బయటికి పొడుచుకొచ్చి ఉంటే చిమ్మట ఎగిరిపోయినట్టే. అలాంటి సంచి మీద కూడా మందు కొట్టేవారున్నారు!

దీనికి ఇష్టమైన తిండి పాత సాలెగూళ్లు. ఉన్ని, రాలిన వెంట్రుకలు, చచ్చిన పురుగులు కూడా తింటుంది. నూలు బట్టల జోలికి రాదు. మందు కొడితే సంచిలో ముడుచుకున్న పురుగుకు సరిగా తగలదు. పైగా ఆ మందుకు చచ్చి రాలిన ఈగలూ దోమలూ దానికే మేత.

చేయాల్సింది బూజు దులపడం. బీరువా వెనుక, మంచం కింద, పైకప్పు మూలల్లో బూజుకర్రతోనో వాక్యూమ్‌తోనో లాగేయాలి. సంచులను కింద పడేసి వదిలితే మళ్లీ పాకుతాయి, నలిపి పారేయాలి. తేమ ఉన్నచోటే ఇవి నిలదొక్కుకుంటాయి కాబట్టి గోడకు చెమ్మ ఎక్కుతుంటే ముందు అది ఆపాలి. ఒక్కసారి దులిపి ఊరుకుంటే మూలల్లో మిగిలిన గుడ్లు తర్వాత పగులుతాయి. రెండు వారాలకోసారి, కనీసం రెండు నెలలు దులపాలి.

– ఒక పాఠకుడు